చీర మీది వ్యాసం, వ్యాసం మీది కూలి

జీవనశైలి పాత్రికేయం అనగానే మన సాహిత్య మిత్రులు పెదవి విరుస్తారు. చీరలు, వంటలు, ఉత్సవాలు - యివి కూడా వస్తువులేనా అంటారు. నేనీ అభిప్రాయంతో ఏకీభవించను. మనిషి ఏం తింటాడు, ఏం కడతాడు అన్నవాటిలోనే అతని వర్గం బయటపడుతుంది. మధ్యతరగతి సంసారాల ఖర్చులూ, డాబులూ, పెళ్లి సంబంధాలే గదా కొడవటిగంటి కుటుంబరావు కథలకు ముడిసరుకు! లోపం వస్తువులో లేదు. మరెక్కడ వున్నది?

పోచంపల్లి చీర మీద వచ్చే వ్యాసాలనే పరిశీలించండి. రంగుల పొందిక వుంటుంది, ఏ నటి కట్టిందో వుంటుంది, తరతరాల వారసత్వం తప్పకుండా వుంటుంది. ఆసు పోయటానికి ఒక్క చీరకు వేలసార్లు చేయి ఆడించిన స్త్రీ భుజం నొప్పి మాత్రం వుండదు. ఆ బాధను తప్పించటానికి చింతకింది మల్లేశం 1999లో ఆసుయంత్రం తయారుచేసిన సంగతి వచ్చినా, ఒక వ్యక్తి విజయగాథగా వస్తుంది గాని, అంతకాలం ఆ నొప్పికి విలువ కట్టని ఉత్పత్తి విధానం మీద ప్రశ్నగా రాదు. నూలిచ్చి, చీరకింతని మజూరీ కట్టి, సరుకు పట్టుకుపోయే ఆసామి అసలే కనపడడు.

దీనికి రచయిత హృదయకాఠిన్యమే కారణమనటం తేలిక. కాని ఆ రచయిత ఏ షరతుల మీద రాస్తున్నాడో కూడా చూడాలి. ఫ్రీలాన్స్ రచయితకు జీతం లేదు, వ్యాసానికింత. ప్రయాణం ఖర్చు చాలాసార్లు తనదే. తిరిగివచ్చిన వ్యాసానికి పడిన శ్రమ కూడా తనదే. పీసురేటు కూలిలో మేస్త్రీ అక్కరలేదనీ, శ్రామికుడే తన పనిదినాన్ని పొడిగించుకుంటాడనీ 1867లో మార్క్స్ వివరించాడు. ఆయనే న్యూయార్క్ ట్రిబ్యూన్‌కు 1862 దాకా దాదాపు పదేళ్లు వ్యాసానికింత చొప్పున రాసినవాడు! నేతగాని యింట నాలుగు రోజులు కూర్చుంటే నాలుగు రోజుల తిండి పోతుంది. ప్రచారసంస్థ పంపిన కాగితాన్ని తిరగరాస్తే ఒక్క పూటలో పని ముగుస్తుంది. శైలిలోని ఆ మెరుగు, ఆ తొందర యిక్కడినుంచే పుట్టాయి.

పైగా అమ్మకం కూడా బాహాటమయింది. 2003లో బెన్నెట్ కోల్‌మన్ సంస్థ మీడియానెట్ పేరిట నగర అనుబంధాలలో రుసుము పుచ్చుకొని కథనాలు వేసే పద్ధతి పెట్టింది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం ఫీచర్ రచయితను కూడా పాత్రికేయుడిగా గుర్తించింది గాని, అతడు సంస్థలో నియుక్తుడై వుండాలన్నది. ఆ చట్టాన్ని కలుపుకొన్న 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి డిజిటల్ మాధ్యమాలను చేర్చింది. ఆ షరతును మాత్రం వదలలేదు. స్వేచ్ఛా రచయితకు మిగిలిన స్వేచ్ఛ యిది!

అయితే యీ పరిస్థితి రచయితను పూర్తిగా నిర్దోషిని చేయదు. చీరకింతని నేసేవాడూ, వ్యాసానికింతని రాసేవాడూ ఒకే లెక్కలో బతుకుతున్నారు. తన కూలిని గుర్తించిన రచయిత నేతగాని కూలిని అడగకుండా వుండలేడు. ధర రాసినచోట మజూరీ కూడా రాయటానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యాన్ని సంపాదకుడు కొట్టివేస్తే, ఒంటరిగా వున్నవాడు నిలవలేడు. సంఘం వుంటే నిలుస్తాడు.

నా దగ్గర ఎం.ఏ. చదివినవారు కొందరు యీ వృత్తిలోకి పోతున్నారు. వారికి అలంకారశాస్త్రంతోపాటు యీ లెక్క కూడా నేర్పటం అధ్యాపకులమైన మన పని.