మూటగట్టుకునే మాట

ఈ వారం అనువాదంలో ఒక రష్యన్ సామెత, దాని నాలుగు మాటల దగ్గర రెండు రోజులు ఆగిపోయాను. 'తీషె యేదెష్, దాల్షె బూదెష్.' ఎంత నెమ్మదిగా పోతే అంత దూరాన ఉంటావు అని. ఇంగ్లీషులో దీనికి రెడీమేడ్ జోడీ ఉంది: 'స్లో అండ్ స్టెడీ విన్స్ ద రేస్.' అది పెట్టేసి చేతులు దులుపుకోవచ్చు. కానీ అందులో తాబేలుకీ కుందేలుకీ పందెం ఉంది. రష్యన్ బండివాడికి పందెం ఎక్కడిది? వాడి ముందున్నది దారి, అంతే. మన 'నిదానమే ప్రధానం' ఎంతో దగ్గర, ప్రాస కూడా కుదిరింది. ఏం లాభం, నాకు డబ్బులిచ్చేది ఇంగ్లీషుకి.

సరే, 'ద స్లోవర్ యు గో, ద ఫార్దర్ యు గెట్' అని రాశాను. బాగానే ఉందనుకుంటుండగా దాని తోక గుర్తొచ్చింది. ఈ సామెత చెప్పినవాణ్ణి ఏడిపించడానికి రష్యన్లు చివర ఓ ముక్క తగిలిస్తారు: 'నువ్వు వెళ్లాల్సిన చోటికి' అని. నెమ్మదిగా పో, వెళ్లాల్సిన చోటికి దూరంగానే ఉండిపోతావు! బూదెష్ అంటే 'ఉంటావు'. 'గెట్' అంటే ముందుకు పోవడమే, ఆ వెటకారం దానికి సరిగా అతకదు. 'యు విల్ బీ' అని మార్చాను. వాక్యం కాస్త కుంటింది. కుంటితే కుంటనీ అని వదిలేశాను.

'దవెర్యాయ్, నొ ప్రవెర్యాయ్' (నమ్ము, కానీ సరిచూసుకో) అనే సామెత అదృష్టం వేరు. అమెరికా అధ్యక్షుడు రీగన్‌కి దాన్ని నేర్పింది సుజాన్ మాసీ అనే రచయిత్రి. 1987 డిసెంబరులో క్షిపణుల ఒప్పందం సంతకాలప్పుడు ఆయన మళ్లీ అదే అంటే, ప్రతి సమావేశంలోనూ ఇదే అంటారని సోవియట్ నేత గోర్బచేవ్ నవ్వాడు. 'ట్రస్ట్, బట్ వెరిఫై'లో ప్రాస పోయింది, పొట్టిదనం మిగిలింది. అదే చాలింది.

దేవుడొస్తే పని కష్టమవుతుంది. దేవుడి మీద ఆశ పెట్టుకో, నువ్వు మాత్రం ఏమరకు అని ఒక సామెత. దాని బదులు 'గాడ్ హెల్ప్స్ దోజ్ హూ హెల్ప్ దెమ్‌సెల్వ్స్' పెట్టేస్తుంటారు. అందులో ముందు నువ్వు కదలాలి, ఆ తర్వాతే దేవుడి సాయం. రష్యన్‌లో ముందు ఆయనే. వరస తిరగబడితే సామెత మతమే మారిపోతుంది. నేను 'ట్రస్ట్ గాడ్, అండ్ మైండ్ యువర్ స్టెప్' అంటాను. జారతావురోయ్ అనే పెద్దల గద్దింపు అందులో కొంతైనా మిగులుతుంది.

నిఘంటుకారుడు వ్లదీమిర్ దాల్ 30,000 పైచిలుకు సామెతలు పోగుచేస్తే, పవిత్రమైనవీ మోటువీ ఒకే సంచిలో వేశాడని కొన్నేళ్లు తొక్కిపట్టారు. పుస్తకం 1862లో గానీ బయటికి రాలేదు. ఆ సంచి అలా కలగలిసి ఉండటమే నాకిష్టం.

ఎందుకంటే సాధువులూ బజారు మాటే వాడారు. శాంతమైన ఆత్మను సంపాదించుకో, నీ చుట్టూ వేలమంది రక్షణ పొందుతారు అంటాడు సరోవ్ మఠం సెరఫీమ్. అక్కడి క్రియ 'స్త్యజీ'. మన చెవికి త్యజించమన్నట్టు వినిపిస్తుంది, అర్థం అందుకు తలకిందులు: కూడబెట్టు అని. 'స్త్యజాతెల్' అంటే నేటి రష్యన్‌లో డబ్బు మీద యావ ఉన్నవాడు. సెరఫీమ్ కూర్స్క్‌లో వర్తకుల ఇంట పుట్టాడు. మొతోవీలొవ్ అనే భక్తుడితో మాట్లాడుతూ, పరిశుద్ధాత్మను ఆర్జించడమంటే ఏమిటో డబ్బు సంపాదనతో పోల్చే వివరించాడు. ఆ సంభాషణ 1903లో అచ్చయింది.

ఇంగ్లీషులో అందరూ 'ఎక్వైర్' అంటారు. ఆ మాట వింటే ఒక కంపెనీ ఇంకో కంపెనీని కొనేసిన వార్త గుర్తొస్తుంది నాకు. 'ఎర్న్' అందామా, ఒకటో తారీఖు జీతం. తెలుగులో ఈ తంటాయే లేదు. మా అమ్మమ్మ పుణ్యాన్ని ఏకంగా మూటగట్టుకునేది, కొంగున చిల్లర ముడేసుకున్నంత సులువుగా. ఇంగ్లీషుకి ఆ కొంగు ఎక్కణ్ణుంచి తేను?

ఆఖరికి 'స్టోర్ అప్' అని రాసి పంపాను. ఎడిటరమ్మ మార్జిన్‌లో ప్రశ్న పెట్టి తిప్పి పంపింది: శాంతి ఏమైనా బంగాళాదుంపలా, చలికాలానికి దాచుకోవడానికి?

అవునండీ, అచ్చం అలాగే అని జవాబు రాశాను.