పెదవుల మీద నిఘా

బడిలో ప్రార్థన జరిగేటప్పుడు మా సారు వరసల మధ్య తిరిగేవాడు. అందరి దగ్గరా ఒక్కలాగే నడిచేవాడు. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాసేపు ఆగేవాడు. నేను నిజంగా పాడుతున్నానా, ఉత్తినే పెదవులు కదుపుతున్నానా అని చూసేవాడు. నాకు ఆ పాట వచ్చు. ఇష్టంగానే పాడేవాణ్ణి. కానీ ఆయన ఆగిన క్షణం నుంచి అది పాట కాకుండా పోయేది. పక్కనున్న కుర్రాడు గొంతు కలపకుండా గోడ మీది బల్లిని చూస్తూ నిలబడినా వాణ్ణెవరూ అడిగేవాళ్లు కాదు. వాడి దేశభక్తి పుట్టుకతో వచ్చింది. నాది రోజూ పొద్దున్నే రుజువు చేసుకోవాల్సింది.

ఈ అనుభవం వున్నవాడు అమెరికా రాజ్యాంగ చరిత్ర చదివితే, వాక్‌స్వాతంత్ర్యం మీద రాసిన పెద్ద గ్రంథాల దగ్గర ఆగడు. ఒక బడి దగ్గర ఆగిపోతాడు. పెన్సిల్వేనియాలో మైనర్స్‌విల్ అనే బొగ్గుగనుల ఊరి బడి అది. 1935లో అక్కడ చదివే అక్కాతమ్ముళ్లిద్దరు జెండాకు వందనం చెయ్యడానికి ఒప్పుకోలేదు. వాళ్లది యెహోవా సాక్షుల మతశాఖ. దేవుడికి తప్ప దేనికీ మొక్కగూడదని వాళ్ల విశ్వాసం. ఈ మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. బడి వాళ్లను వెళ్లగొట్టింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1940 జూన్ 3న కోర్టు 8-1 మెజారిటీతో బడి చేసింది సబబేనంది.

గోబైటిస్ కేసుగా పేరుపడిన ఈ తీర్పు రాసింది ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్. వియన్నాలో పుట్టి, చిన్నతనంలో అమెరికా చేరిన యూదుడు. అమెరికా పౌరస్వేచ్ఛల సంఘం 1920లో పుట్టినప్పుడు దానికి అండగా నిలబడ్డవాళ్లలో ఒకడు. అలాంటివాడు, జాతీయ ఐక్యతే జాతీయ భద్రతకు పునాది అని రాశాడు. జెండా ఆ ఐక్యతకు గుర్తు కాబట్టి పిల్లల చేత వందనం చేయించే అధికారం బడికుందన్నాడు. మైనారిటీలోంచి పైకొచ్చినవాడు తన విధేయతను అందరికంటే గట్టిగా చాటుకోవడం మనకు కొత్త కాదు. అలాంటి పెద్దమనుషులు మన మధ్యా వున్నారు. ఫ్రాంక్‌ఫర్టర్‌ను చదువుతుంటే నాకు కోపం కంటే ఎక్కువగా జాలి కలిగింది. ఆయన దగ్గరా ఎవరో కాసేపు ఆగి వుంటారు.

తీర్పు వచ్చిన రోజుల్లోనే దేశమంతటా యెహోవా సాక్షుల మీద దాడులు మొదలయ్యాయి. మెయిన్ రాష్ట్రంలోని కెన్నెబంక్‌లో వాళ్ల ప్రార్థనామందిరాన్ని తగలబెట్టారు. వెస్ట్ వర్జీనియాలోని రిచ్‌వుడ్‌లో కొందరిని పట్టుకుని ఆముదం తాగించారు, తాడుతో కట్టి వీధుల్లో నడిపించారు. కోర్టు ఎవరినీ కొట్టమని చెప్పలేదు. కానీ వీళ్లు దేశభక్తులేనా అన్న అనుమానానికి కోర్టు ముద్ర పడితే, మిగతా పని గుంపు చూసుకుంటుంది.

మూడేళ్లకు అదే వెస్ట్ వర్జీనియా నుంచి అదే ప్రశ్న మళ్లీ వచ్చింది. బార్నెట్ కేసు. 1943 జూన్ 14న, సరిగ్గా అమెరికా జెండా దినోత్సవం నాడు, కోర్టు 6-3 తో తన పాత తీర్పును తానే కొట్టేసింది. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. అలాంటి సమయంలో, ఏది సరైన దేశభక్తో నిర్ణయించే హక్కు చిన్నా పెద్దా ఏ అధికారికీ లేదని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాశాడు. పౌరుడి మౌలిక హక్కులు ఎన్నికల్లో ఓట్లేసి తేల్చుకునేవి కావన్నాడు. ఫ్రాంక్‌ఫర్టర్ తన మాట మీదే నిలబడి అసమ్మతి రాశాడు.

మన లౌకికవాద మిత్రులు ఈ తీర్పును మతసహనానికి నిదర్శనంగా చూపిస్తారు. ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. జాక్సన్ ఆ పిల్లల మతవిశ్వాసం మీద దయ చూపలేదు. పాపం మైనారిటీలు, వీళ్ల వరకు మినహాయింపు ఇద్దాం అనలేదు. తీర్పును మతస్వేచ్ఛ మీద కాక వాక్‌స్వేచ్ఛ మీద నిలబెట్టాడు. నమ్మని మాటను నోటితో అనిపించే అధికారం రాజ్యానికి అసలే లేదన్నాడు. యెహోవా సాక్షి మీదే కాదు, ఎవరి మీదా లేదు. మినహాయింపుకూ హక్కుకూ వున్న తేడా ఇదే. మినహాయింపు ఇచ్చినవాడు రేపు దాన్ని బుజ్జగింపు అంటాడు, ఎల్లుండి వెనక్కి లాక్కుంటాడు. హక్కు అట్లా కాదు. పక్కవాడికి ఎంతుందో నాకూ అంతే వుంటుంది. మాట్లాడే స్వేచ్ఛలో మాట్లాడకుండా వుండే స్వేచ్ఛ కూడా వుందని ఆ తీర్పు తేల్చింది. నా వరకు దాని విలువంతా అందులోనే వుంది.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు.

బార్నెట్ తీర్పు వచ్చిన సరిగ్గా వారానికి, 1943 జూన్ 21న, అదే కోర్టు, అదే తొమ్మిదిమంది, హిరబయాషి కేసులో తీర్పిచ్చారు. గోర్డన్ హిరబయాషి అమెరికాలోనే పుట్టిన విద్యార్థి. జపాన్ మూలాలున్నవాళ్లు రాత్రిపూట ఇళ్లలోంచి బయటికి రాగూడదన్న సైనిక ఉత్తర్వును ధిక్కరించాడు. తొమ్మిదిమందీ ఆ ఉత్తర్వు చెల్లుతుందన్నారు. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి హార్లన్ స్టోన్. 1940లో మైనర్స్‌విల్ పిల్లల పక్షాన ఒంటరిగా అసమ్మతి రాసినవాడు ఆయనే! వారం కింద స్వేచ్ఛ గురించి అంత గొప్పగా రాసిన జాక్సన్ కూడా ఆ తొమ్మిదిమందిలో వున్నాడు.

1944 డిసెంబర్ 18న కొరెమాట్సు తీర్పు వచ్చింది. దాదాపు 1,20,000 మంది జపాన్ మూలాల మనుషుల్ని పశ్చిమ తీరంలోని ఇళ్లనుంచీ పొలాలనుంచీ తరిమేశారు. ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండొంతులమంది అమెరికా పౌరులే. ఈ వెళ్లగొట్టడాన్ని కోర్టు 6-3 తో సమర్థించింది. రాసింది హ్యూగో బ్లాక్. వాక్‌స్వేచ్ఛను హరించే చట్టం చెయ్యగూడదని రాజ్యాంగంలో వుంటే చెయ్యగూడదనే అర్థం, అందులో మినహాయింపుల్లేవు అని తర్వాతి కాలమంతా వాదించినవాడు. ఈసారి జాక్సన్ అసమ్మతి రాశాడు. జస్టిస్ మర్ఫీ ఇది జాతివివక్షేనని సూటిగా అన్నాడు. కానీ వాళ్లు ముగ్గురే.

దీన్ని న్యాయమూర్తుల కపటం అని కొట్టిపారెయ్యడం తేలిక. నాకు అంతకంటే లోతైన విషయం కనిపిస్తుంది. బార్నెట్ కేసులో పిల్లలు ఒక అభిప్రాయం చెప్పారు. కోర్టు దాన్ని కాపాడింది. జపాన్ మూలాలవాళ్లు ఏ అభిప్రాయమూ చెప్పలేదు. వాళ్ల మాటతో రాజ్యానికి పనే లేదు. ముఖం చూసింది, పుట్టుక చూసింది, చాలనుకుంది. మాట్లాడినవాడికి హక్కు దొరికింది. ఏమీ మాట్లాడనివాడికి ముళ్లకంచె దొరికింది. వాక్‌స్వేచ్ఛ చట్టం అభిప్రాయం వున్న మనిషిని కాపాడుతుంది. అనుమానితుడిగా పుట్టిన మనిషి దాని చూపుకు ఆనడు. మైనారిటీ అస్తిత్వాన్ని పట్టించుకోని ఉదారవాదానికి వున్న ఖాళీ ఇదే.

ఈ ఖాళీ ఆ తర్వాత పూడిందా? 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసు వచ్చింది. ఒహాయోలో కు క్లక్స్ క్లాన్ వాళ్లు ముసుగులేసుకుని, శిలువ తగలబెట్టి, నల్లవాళ్లమీదా యూదులమీదా ప్రతీకారం మాటలు మాట్లాడారు. వెంటనే హింస జరగాలన్న ఉద్దేశంతో, అది జరిగే అవకాశం కూడా వున్నప్పుడు మాట్లాడితే తప్ప, హింసను సమర్థించే మాటనైనా శిక్షించగూడదని కోర్టు చెప్పింది. సరే. ఆ గీటురాయిని అందరికీ వాడతారనుకుందాం. 2010లో హ్యూమానిటేరియన్ లా ప్రాజెక్టు కేసు వచ్చింది. అమెరికా ఉగ్రవాద జాబితాలో వున్న కుర్దుల పార్టీకి, గొడవల్ని అంతర్జాతీయ చట్టం ద్వారా శాంతియుతంగా ఎట్లా పరిష్కరించుకోవాలో, ఐక్యరాజ్యసమితికి అర్జీ ఎట్లా పెట్టుకోవాలో నేర్పుతామని వాళ్లన్నారు. అది నేరమేనని కోర్టు 6-3 తో తేల్చింది. ఎవరికివారు సొంతంగా మాట్లాడుకోవచ్చట, ఆ సంస్థతో కలిసి చేస్తే మాత్రం సాయం చేసినట్టేనట. క్లాన్ నోట హింస మాట అయినా మాటగానే మిగిలింది. ఇక్కడ శాంతి పాఠం కూడా ఆయుధమైపోయింది.

2018 జూన్ 26న వచ్చిన ట్రంప్ వర్సెస్ హవాయి తీర్పు ఇంకా విచిత్రం. ఎక్కువగా ముస్లిం దేశాలనుంచి వచ్చేవాళ్లను ఆపిన ప్రయాణ నిషేధాన్ని కోర్టు 5-4 తో నిలబెట్టింది. ముస్లింల రాకను పూర్తిగా ఆపాలని ఆ అధ్యక్షుడు 2015 డిసెంబర్‌లో ఎన్నికల ప్రచారంలోనే బహిరంగంగా అన్నాడు. ఉత్తర్వులో మతం పేరు లేదు కాబట్టి ఆ మాటలతో దాన్ని కొట్టెయ్యలేమని మెజారిటీ భావించింది. అదే తీర్పులో కొరెమాట్సు తీర్పు వచ్చిన రోజునే తప్పు అని రాసింది. పాత పాపానికి చెంపలేసుకోవడం, కొత్త ఉత్తర్వుకు సంతకం పెట్టడం ఒకే కాగితం మీద జరిగాయి. జస్టిస్ సోటోమేయర్ తన అసమ్మతిలో ఈ పోలికనే ఎత్తిచూపింది. ఆ నిషేధాన్ని 2021 జనవరిలో తర్వాతి అధ్యక్షుడు ఎత్తేశాడు. ఎత్తేసింది కోర్టు కాదు.

2025 మార్చిలో మసాచుసెట్స్‌లో ఒక తుర్కీ పరిశోధక విద్యార్థినిని ముసుగులేసుకున్న అధికారులు వీధిలో పట్టుకుపోయారు. పాలస్తీనా విషయంలో తన విశ్వవిద్యాలయం వైఖరిని విమర్శిస్తూ విద్యార్థి పత్రికలో మరికొందరితో కలిసి వ్యాసం రాసిందామె. ఆరువారాలకు పైగా నిర్బంధంలో వుంది. ఆ జూన్‌లో అమెరికా, చదువుకోసం వీసా అడిగే విద్యార్థులంతా తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనపడేలా తెరిచిపెట్టాలని చెప్పింది. హైదరాబాద్‌నుంచి, గుంటూరునుంచి, కరీంనగర్‌నుంచి వెళ్లే మన పిల్లలకూ ఇదే వర్తించింది. మా సారు ఇప్పుడు కాన్సులేట్ కిటికీ వెనక కూర్చున్నాడన్నమాట. ఈసారి ఆయన రాములు దగ్గరా ఆగుతున్నాడు, రహీమ్ దగ్గరా ఆగుతున్నాడు. ఎవరి దగ్గర ఎక్కువసేపు ఆగుతాడో చెప్పనక్కర్లేదు.

అయితే ఇదంతా బూటకమేనా? మనలో కొందరు ఆవేశంగా అదే అంటారు. నేను ఒప్పుకోను. 2025 సెప్టెంబర్ 30న మసాచుసెట్స్‌లోని ఫెడరల్ జడ్జి ఒకాయన, పాలస్తీనా పక్షాన మాట్లాడినందుకు పౌరులు కాని విద్యార్థుల్నీ అధ్యాపకుల్నీ వెళ్లగొట్టే విధానం రాజ్యాంగ విరుద్ధమని, వాక్‌స్వేచ్ఛ పౌరుల సొత్తు మాత్రమే కాదని తీర్పిచ్చాడు. మంచి వాక్యం ఒకసారి కాగితం మీద పడ్డాక, రాసినవాడు దాన్ని మరిచిపోయినా ఇంకొకడు ఎక్కడో తీసి వాడుకుంటాడు.

అట్లా వాడుకున్నవాళ్లలో ఒక తెలుగువాడున్నాడు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల పిల్లలు ముగ్గుర్ని బడినుంచి పంపేశారు. జాతీయగీతం పాడేటప్పుడు వాళ్లు గౌరవంగా లేచి నిలబడేవాళ్లు, పాడేవాళ్లు కాదు. 1986 ఆగస్టులో మన సుప్రీంకోర్టు వాళ్లను మళ్లీ చేర్చుకోమంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా చెప్పుకునే ఆ తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి ఢిల్లీ వెళ్లిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆయన మైనర్స్‌విల్ కేసునూ, బార్నెట్ కేసునూ రెంటినీ పరిశీలించాడు. లేచి నిలబడితే గౌరవించినట్టే, పాడి తీరాలన్న చట్టం ఏదీ లేదన్నాడు. మన సంప్రదాయం, మన రాజ్యాంగం నేర్పేది సహనమేనని, దాన్ని పలచన చెయ్యొద్దని ముగించాడు. మా సారు ఆ తీర్పు చదివి వుంటే నా దగ్గర ఆగేవాడు కాదేమో.

ఇక మనల్ని మనం అడుక్కోవాల్సిన ప్రశ్న ఒకటుంది. పాడకుండా వుండే హక్కు నాకు కావాలి. మరి నా ఇంట్లో నాతోపాటు పాడనివాళ్ల సంగతేమిటి? 2007 ఆగస్టులో హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో తస్లీమా నస్రీన్ మీద దాడి మన పేరుతోనే జరిగింది. ఆమె రాసినదానితో నాకు పేచీలున్నాయి. కానీ ఆ రోజు విసిరిన వస్తువులు ఆమెకంటే మన వాదానికే గట్టిగా తగిలాయి. గుంపు బలంతో ఒక నోరు మూయించవచ్చని మనం ఒప్పుకుంటే, మనకంటే పెద్ద గుంపు ముందు మనం ఏ ముఖంతో నిలబడతాం?

అమెరికా తీర్పులనుంచి నేను నేర్చుకున్నది ఇంతే. స్వేచ్ఛ గురించి గొప్పగా రాసిన చెయ్యి వారం తిరక్కుండానే మనిషి ముఖం చూసి తీర్పు చెప్పగలదు. కాబట్టి ఏ తీర్పు ముందూ సాగిలపడనక్కర్లేదు. దేన్నీ విసిరి పారెయ్యనూ అక్కర్లేదు. చదవాలి. మనకు పనికొచ్చే వాక్యాన్ని పట్టుకుని, అది మా అందరికీ వర్తిస్తుందా లేదా అని నిలదీయాలి.

నా కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడు. వాడికి పాట వచ్చు, ఇష్టంగానే పాడతాడు. వాడు పాడాలనే నా కోరిక కూడా. వాడి పెదవుల్ని ఎవరూ కాపలా కాయగూడదన్నదే నా పట్టుదల.