జాబుకు బ్రాకెట్లెందుకు?

సొంతానికి ఒక ఈమెయిల్ ఉత్తరం నడుపుకోవటం ఇప్పుడు తెలుగులో రాసేవాళ్లకీ అలవాటవుతోంది. పత్రిక అక్కర్లేదు, ప్రెస్సు అక్కర్లేదు. చదువుతామని పేరిచ్చినవాళ్ల జాబితా ఒకటి ఉంటే చాలు. నేనూ అయిదు నెలలుగా పదిహేను రోజులకొకటి చొప్పున పంపుతున్నాను. ఈ రూపాన్ని మెచ్చుకునేవాళ్లంతా చెప్పే మాట ఒకటే: ఎడిటర్ పీడ వదిలింది. ముస్లిం రచయిత చెవికి ఈ మాట మరింత తీపి. రంజాన్ నెలలో ఒక వ్యాసం, ఎక్కడన్నా అల్లర్లు జరిగితే ఒక కవిత. ఈ రెండు సందర్భాల్లో తప్ప గుర్తుకు రానివాళ్లం కదా మనం. కథలో 'చాలీస్వా' అని రాస్తే పక్కన బ్రాకెట్ పెట్టి 'నలభయ్యో రోజు కర్మ' అని చేర్చి అచ్చేసిన అనుభవం మనలో చాలామందిది. ఆ బ్రాకెట్ ఎవరి కోసం? ఆ మాట తెలిసినవాడి కోసం కాదు. అంటే ఆ కథ మొదటి నుంచీ తెలిసినవాడి కోసం అచ్చవలేదన్న మాట.

ఎడిటర్ లేకపోతే బ్రాకెట్ కూడా పోతుందా? ఈ అయిదు నెలల్లో నన్ను వదలని ప్రశ్న ఇదే.

ముందు ఒక సంగతి. తెలుగువాడు ఉత్తరం రాయటానికి కూచుంటే ముందు కావలసింది కాగితం. పైన వేసేది తారీఖు. రాసేది జాబు. కవరు మీద చిరునామా. తపాలా వాళ్లు కొట్టేది మొహరు. ఇవన్నీ అరబ్బీ, ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగు నోట్లో నలిగిన మాటలే. 'జవాబు' అరిగి 'జాబు' అయింది. 'చిరునామా'లో, 'రాజీనామా'లో ఉన్న నామా ఫార్సీది. వీటికి ఎవరూ బ్రాకెట్లు పెట్టరు. పీర్ల పండగకి మలీదా తిన్న ఊళ్లో మాలకీ మాదిగకీ గొల్లకీ మలీదా అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. అచ్చులోకి వచ్చాకే మనం పరాయివాళ్లమయ్యాం. అంటే అడ్డం భాషలో లేదు, ఎవర్ని చదువరిగా ఊహించుకుంటున్నామన్న దాంట్లో ఉంది.

మౌలానా ఆజాద్ రాతల్లో దీనికి రెండు నమూనాలు దొరుకుతాయి. 1912 జూలై 13న కలకత్తాలో 'అల్ హిలాల్' వారపత్రిక మొదలుపెట్టినప్పుడు ఆయనకి ఇంకా ఇరవై నాలుగేళ్లు నిండలేదు. ఉర్దూ పత్రికలు ఎక్కువగా రాతిఅచ్చు మీద నడుస్తున్న రోజుల్లో టైపు పెట్టి, ఫొటోలు వేసి తీసుకొచ్చాడు. పేరుకి పత్రిక, వినిపించేది చాలావరకు ఒక్కడి గొంతు. ముప్ఫై ఏళ్ల తర్వాత 1942లో అదే మనిషిని అహ్మద్‌నగర్ కోటలో ఖైదు చేశారు. అక్కడ కూచుని హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీ అనే స్నేహితుడికి ఉత్తరాలు రాశాడు. పంపటానికి వీల్లేదు. రాసి పెట్టుకున్నాడు. 1946లో 'గుబారె ఖాతిర్' పేరుతో పుస్తకమయ్యాయి. వాటిలో చైనా టీ గురించి ఉంది, గదిలో గూడు పెట్టిన పిచ్చుకల గురించి ఉంది, మధ్య మధ్య ఫార్సీ షేర్లు ఉన్నాయి. ఎక్కడా ఆగి 'మాలో ఇలా ఉంటుంది' అని ఆయన చెప్పడు. ఎదురుగా షేర్వానీ ఉన్నాడు కదా. ఆ ఒక్కడికి తెలిస్తే చాలు. మనం పక్కన నిలబడి వింటాం. అర్థం కానిది అడిగి తెలుసుకుంటాం. అదేమీ మనకి అవమానం కాలేదు.

ఈమెయిల్ ఉత్తరం చూడటానికి 'గుబారె ఖాతిర్' లాగా ఉంటుంది, నడవటం మాత్రం 'అల్ హిలాల్' లాగా నడుస్తుంది. పైన 'ప్రియమైన మిత్రమా' అని ఉంటుంది. ఆ మిత్రుడు నిజానికి ఒక జాబితా. జాబితాకి ముఖం ఉండదు. ఉత్తరాలు రాసేవాడు కొద్దిరోజుల్లోనే దానికో ముఖం తగిలించుకుంటాడు. ఎవరు జవాబిస్తే వాళ్ల ముఖం తగిలిస్తాడు.

నా జాబితాలో జవాబిచ్చేవాళ్లు ఎక్కువమంది లౌకికవాద మిత్రులు. మంచివాళ్లు. 'మీవాళ్ల గురించి ఎన్నో కొత్త సంగతులు తెలిశాయి' అని రాస్తారు. ముస్లిం చదువరులు చదువుతారు, ఊరుకుంటారు. ఎక్కడో దావత్‌లో కలిసినప్పుడు 'పర్లేదు, రాస్తున్నవ్ గదా' అంటారు. అంతే. ఇక ఏ గొంతు పెరుగుతుందో చెప్పక్కర్లేదు. బ్రాకెట్ గుర్తు మాయమై, దాని లోపలి సరుకు వాక్యంలోకి వచ్చి కూచుంటుంది. 'మా ఆచారం ప్రకారం', 'మా ఇళ్లలో సాధారణంగా'. ఇదంతా గైడు భాష. చార్మినార్ దగ్గర టూరిస్టులకి చెప్పే భాష. మన రచయితల ఉత్తరాలు నాకు వచ్చేవాటిలో కూడా మూడో నాలుగో ఉత్తరం నాటికి ఈ గైడు బయల్దేరుతున్నాడు. వంటల గురించి రాసినప్పుడు మరీను. దమ్ బిర్యానీ మీద మనం రాసినన్ని పేజీలు మన ఇళ్ల అద్దె బాధల మీద రాయలేదు.

పైగా ఈ రూపంలో ఒక లెక్కల పుస్తకం కూడా ఉంది. ఉత్తరంలో కంటికి ఆనని చిన్న బొమ్మ ఒకటి దాచిపెడతారు. ఉత్తరం తెరిస్తే అది దిగుతుంది, దిగితే తెరిచినట్టు లెక్క. 2021లో ఆపిల్ కంపెనీ ఆ బొమ్మల్ని తనే ముందుగా దింపేసే ఏర్పాటు తెచ్చింది. అది పెట్టుకున్నవాళ్లు ఉత్తరం ముట్టకపోయినా తెరిచినట్టే పడుతోంది. ఈ దొంగ లెక్క చూసి ఏ విషయం రాయాలో తేల్చుకుంటున్నారు రచయితలు. ఎడిటర్ కనీసం చదివి తిప్పి పంపేవాడు. (ఇంకో తమాషా. కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, తెలుగు అక్షరానికి ఒక్కో గుర్తూ మూడు బైట్లు. 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ ఉత్తరాన్ని మధ్యలో కోసేస్తుంది. మన భాష అక్కడ కూడా బరువే.)

భయం సంగతి వేరే చెప్పాలి. 1910 ప్రెస్ చట్టం కింద బ్రిటిష్ సర్కారు పత్రికల దగ్గర జమానత్ కట్టించుకునేది. 'అల్ హిలాల్' కట్టింది, పోగొట్టుకుంది, 1914లో ఆగిపోయింది. ఈమెయిల్ ఉత్తరానికి ఇవాళ ఎవరూ జమానత్ అడగరు. కానీ పత్రికలో అచ్చయినదానికి ఎడిటరూ ప్రచురణకర్తా కూడా జవాబుదారులు. ఇక్కడ నువ్వొక్కడివే. ఒక పేరా కోసి ఎవరో వాట్సాప్‌లో పెడితే చాలు. శిక్షాస్మృతిలోని 153-ఏ సెక్షన్ 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 196 అయింది. అంకె మారింది, ఆ అంకె తల్చుకుంటూ వాక్యం కొట్టేసుకునే అలవాటు మారలేదు. బుల్డోజర్ల మీద రాసిన ఉత్తరంలో నేను మూడుసార్లు మార్చిన వాక్యం ఒకటుంది. దాన్ని ఏ ఎడిటరూ ముట్టుకోలేదు. జమానత్ నేనే కట్టాను, నా దగ్గరే కట్టాను.

అన్నిటికన్నా పెద్ద లోటు మరొకటి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' ఒక్కడి కవిత. అది రేపిన మాట 1998లో 'జల్‌జలా' నాటికి చాలామంది గొంతులయింది. సంకలనంలో ఒకరి పక్కన ఒకరు ఉంటారు. ఒక పేజీలో ఉన్నదాన్ని ఇంకో పేజీ కాదంటుంది. ఖౌమ్ అంటే ఒకటే ముద్ద కాదని ఆ పేజీలే చూపిస్తాయి. సొంత ఉత్తరంలో ఆ పక్క పేజీ లేదు. నేను రాసిందే ముసల్మాన్ల మాటగా చెల్లిపోతుంది. ఉర్దూ ఇంటిభాషగా పెరిగినవాళ్లు 'మన మాతృభాష' అని రాస్తే, తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకులవాళ్లు ఆ 'మన'లో ఎక్కడుంటారు? ఈమెయిల్ లేని ఆడవాళ్లు, చదువు బడి దాకా వెళ్లనివాళ్లు జాబితాలోనే ఉండరు. వాళ్ల గురించి వాళ్లకి చేరని ఉత్తరంలో రాస్తున్నాం.

మూడో నెల నుంచి నేను అర్థాలు చెప్పటం మానేశాను. ఉత్తరం రాసేటప్పుడు ఎదురుగా మా నానిమాని కూచోబెట్టుకుంటున్నాను. ఆవిడకి చాలీస్వా అంటే ఏమిటో నేను చెప్పేదేముంది? కొందరు మిత్రులు అర్థం కావటం లేదని రాశారు. ఇద్దరు పేరు తీసెయ్యమన్నారు. ఒకాయన మాత్రం పక్కింటి సాయిబు గారిని అడిగి తెలుసుకున్నానని, ఆ ఇంటి గడప తొక్కటం పన్నెండేళ్లలో అదే మొదటిసారని రాశాడు.

మాతృభాష గురించి నేను రాసిన ఉత్తరానికి గుంటూరు జిల్లా నుంచి ఒక దూదేకుల చదువరి నాలుగు పేజీల జవాబు పంపాడు. ఉర్దూ రానందుకు మసీదులో, పేరు చూసి ఊళ్లో, రెండు చోట్లా తను విన్న మాటలన్నీ రాశాడు. నా పేరు పెట్టి తిట్టాడు కూడా. ఈసారి వెళ్లే ఉత్తరంలో నా రాత లేదు. ఆ నాలుగు పేజీలు ఉన్నదున్నట్టు వెళ్తున్నాయి.