అడగని టెక్సస్, అడుగుతూనే ఉండే న్యూయార్క్

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామనుకునే అమెరికా తెలుగువాళ్ల మధ్య ఒక మాట చెలామణీలో ఉంది: టెక్సస్ అయితే హాయి, న్యూయార్క్ అయితే తలనొప్పి. ఆ మాట అబద్ధమేమీ కాదు. అయితే రెండు రాష్ట్రాల కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివితే హాయి, తలనొప్పి అనే కొలతకు అందని తేడాలు బయటపడతాయి. ఒకటి కోర్టు తీర్పు, రెండోది విద్యాశాఖ నిబంధన. తీర్పును ఒక తగువు తెగ్గొట్టడానికి రాశారు, నిబంధనను ఒక ఆఫీసు నడవడానికి రాశారు. అమెరికాలో బడి చదువు రాష్ట్రాల వ్యవహారం. అందుకే డాలస్‌లో ప్రాజెక్టు ముగిసి న్యూయార్క్ రాష్ట్రానికి వెళ్లే కుటుంబం సామాన్లతో పాటు చట్టాన్నీ మార్చుకోవాలి.

ముందు టెక్సస్ సంగతి. ఇంటి చదువు ప్రైవేటు బడి కిందికి రాదని 1981లో అక్కడి విద్యా ఏజెన్సీ అనేసింది. తల్లిదండ్రుల మీద కేసులు మొదలయ్యాయి. 1985లో లీపర్ కుటుంబం, మరికొందరు కలిసి ఎదురు దావా వేశారు. 1987లో కింది కోర్టులో గెలిచారు, 1994లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ గెలుపును ఖాయం చేసింది. ఈ తీర్పులో నాకు నచ్చింది అది వెనక్కి తిరిగి చూసిన తీరు. 1915లో నిర్బంధ హాజరు చట్టం తెచ్చినప్పుడే ప్రైవేటు బడులకు మినహాయింపు ఇచ్చారు. ఆనాడు ఇళ్లలో చదువుకునే పిల్లలు చాలామంది ఉండేవారు, వాళ్ల చదువూ ప్రైవేటు బడి చదువుగానే చెల్లేది. అప్పుడు చెల్లినది ఇప్పుడెందుకు చెల్లదన్నది కోర్టు వాదన.

ఆ తీర్పు ప్రకారం షరతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చదువు నిజాయితీగా సాగాలి, పేరుకు కాదు. పుస్తకమో వర్క్‌బుక్కో కంప్యూటర్ తెరో, కంటికి కనబడే పాఠాలుండాలి. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం నేర్పాలి. అంతే. జాబితాలో సైన్సు లేదు, చరిత్ర లేదు. పరీక్షలు లేవు, గంటల లెక్క లేదు, నేర్పేవాళ్లకు అర్హతా అక్కర్లేదు. పిల్లను పబ్లిక్ బడిలో ఎన్నడూ చేర్చకపోతే ఎవరికీ చెప్పనవసరం కూడా లేదు. చేర్చి ఉంటే మాత్రం ఒక్క ఉత్తరం ముఖ్యం: పిల్ల పేరు, ఫలానా తేదీ నుంచి ఇంట్లో చదివిస్తున్నామన్న ఒక వాక్యం, సంతకం. ఇది ఇవ్వకుండా బడికి పంపడం మానేస్తే హాజరుపట్టీలో గైర్హాజరు పడుతూనే ఉంటుంది. ఆరు నెలల్లో అవి 10 రోజులకు చేరితే వ్యవహారం ట్రూయెన్సీ కోర్టు గడప తొక్కవచ్చు. ఇంత సులువైన రాష్ట్రంలో చిక్కుల్లో పడేది ఆ ఒక్క ఉత్తరాన్ని నిర్లక్ష్యం చేసినవాళ్లే.

న్యూయార్క్ 1988లో తెచ్చిన 100.10 నిబంధన పంచాంగంలా నడుస్తుంది. ఏటా జులై 1 లోపు బడి జిల్లా సూపరింటెండెంట్‌కు నోటీసు ఇవ్వాలి, ఏడాది మధ్యలో మొదలుపెడితే 14 రోజుల్లోపు. జిల్లా వాళ్లు 10 పనిదినాల్లో నిబంధన ప్రతినీ ఒక ఫారాన్నీ పంపుతారు. అది చేరిన నాలుగు వారాల్లోపు, లేదా ఆగస్టు 15 లోపు, ఏది తర్వాతైతే అప్పటికి ఆ ఏడాది బోధన ప్రణాళిక పంపాలి. ఏ సబ్జెక్టుకు ఏ పుస్తకాలు, మూడు నెలల నివేదికలు ఏ తేదీల్లో ఇస్తారు, బోధించేది ఎవరు, అన్నీ అందులో ఉండాలి. ఆ పైన నాలుగు నివేదికలు, ఏడాది చివర మూల్యాంకనం. ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఏడాదికి 900 గంటలు, ఏడు నుంచి పన్నెండు దాకా 990. సబ్జెక్టుల జాబితా సైన్సు, భూగోళం, సంగీతం, చిత్రకళ మీదుగా సాగి సైకిల్ భద్రత, అగ్నిప్రమాద నివారణ దాకా వస్తుంది. సైకిలు దాకా ఆలోచించిన ఓపికను మెచ్చుకోవాల్సిందే.

ఆ మూడు నెలల నివేదికను కాస్త దగ్గరగా చూద్దాం. ఎన్ని గంటలు చెప్పారు, ప్రతి సబ్జెక్టులో ఏం పూర్తయింది, పిల్లకు వచ్చిన గ్రేడు, లేదంటే పురోగతి మీద నాలుగు మాటలు. ఏ సబ్జెక్టులోనైనా అనుకున్న పాఠంలో 80 శాతం కన్నా తక్కువ అయితే ఎందుకు తగ్గిందో రాతపూర్వకంగా చెప్పాలి. పిల్ల శనివారాల్లో నేర్చుకునే కర్ణాటక సంగీతాన్ని ‘సంగీతం’ గడిలో రాసుకోవచ్చు, సరళీ స్వరాలు అయిపోయి జంట స్వరాలకు వచ్చిందని పురోగతి కింద చూపించవచ్చు. తెలుగు నేర్పే ‘మనబడి’ తరగతుల్లో నేర్చిన గుణింతాలకు మాత్రం తప్పనిసరి జాబితాలో చోటు లేదు, అదనంగా చేర్చుకుంటే చేర్చుకోవచ్చు. టెక్సస్‌లో ఈ గడులే లేవు. సంగీతం చెప్పించినా చెప్పించకపోయినా అక్కడ రాసేదీ లేదు, చదివేవాళ్లూ లేరు.

ఇక న్యూయార్క్ కొలతలు. 900 గంటలను 180 రోజులకు పంచితే రోజుకు ఐదు గంటలు. పాతికమంది కూర్చున్న తరగతికి సరిపోయే కొలత ఇది. ఏడేళ్ల పిల్లకు అమ్మ ఎదురుగా కూర్చుని చెబితే ఆ పాఠం రెండు గంటల్లో అయిపోతుంది. మిగతా మూడు గంటలను వంటింటి లెక్కలతోనో లైబ్రరీతోనో నింపి కాగితం మీద సరిపెట్టాలి. ఏడాది చివరి మూల్యాంకనంలో పరీక్ష సంగతి ఇంకా విచిత్రం. పిల్ల మార్కు జాతీయ స్థాయిలో 33వ పర్సంటైల్ దాటాలి, లేదా నిరుటి పరీక్షతో పోలిస్తే ఏడాది ఎదుగుదల కనిపించాలి. పర్సంటైల్ అన్నాక నూటికి ముప్పైముగ్గురు ఆ గీత కిందే ఉంటారు. బడిలో ఉన్న ఆ ముప్పైముగ్గురినీ అక్కడినుంచి ఎవరూ తీసేయరు. ఇంట్లో చదివే పిల్ల గీత కిందికి జారితే మాత్రం ఇంటి చదువును రెండేళ్ల దాకా ప్రొబేషన్‌లో పెట్టవచ్చు. ఈ కొలత అన్యాయమైనదని నా అభిప్రాయం.

అదే నిబంధనలో మరోచోట మంచి వాక్యం ఒకటి దాక్కుని ఉంది. ఒకటి నుంచి మూడో తరగతి దాకా ఏటా, నాలుగు నుంచి ఎనిమిది దాకా ఏడాది విడిచి ఏడాది, పరీక్షకు బదులు రాతపూర్వక మూల్యాంకనం ఇవ్వవచ్చు. సర్టిఫికెట్ ఉన్న టీచరో, సూపరింటెండెంట్ ఒప్పుకున్న మరొకరో పిల్లతో మాట్లాడి, ఆమె చేసిన పని చూసి రాస్తారు. ఇంత కాగితపు వ్యవహారంలో ఒక మనిషి పిల్ల ఎదురుగా కూర్చునే చోటు ఇదొక్కటే. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా ఇలాంటి ముఖాముఖిని ఏటా అందరికీ తప్పనిసరి చేసింది. టెక్సస్‌లో ఆ మనిషి అసలు లేడు. తల్లిదండ్రులు శ్రద్ధగలవాళ్లైతే ఇబ్బంది లేదు. కాకపోతే ఆ పిల్ల ఏమీ నేర్చుకోవడం లేదని తెలిసే దారి ఆ చట్టంలో లేదు. టెక్సస్ స్వేచ్ఛను పొగిడేవాళ్లు ఈ ప్రశ్నను దాటేస్తారు. న్యూయార్క్ కట్టుబాట్లను సమర్థించేవాళ్లేమో కాగితం నిండితే పిల్ల చదివినట్టే అనుకుంటారు.

తీరా హైస్కూలు చివరికి వచ్చేసరికి పాత్రలు తారుమారవుతాయి. పన్నెండేళ్లు నివేదికలిచ్చినా న్యూయార్క్ ఇంటి చదువుకు హైస్కూలు డిప్లొమా ఇవ్వదు. కాలేజీ డిగ్రీ కోసం సూపరింటెండెంట్ దగ్గర చదువు సమానమేనన్న ఉత్తరం తెచ్చుకోవడమో, రాష్ట్రం పెట్టే రీజెంట్స్ అనే హైస్కూలు పరీక్షలు గట్టెక్కడమో, అలాంటి దారి ఏదో ఒకటి చూసుకోవాలి. టెక్సస్‌లో డిప్లొమా మీద అమ్మానాన్నలే సంతకం పెడతారు, ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ఆ పిల్లల్ని తక్కువ చేసి చూడకూడదని చట్టమే ఉంది. అంతా అడిగినవాళ్లు చివర్లో చేతులెత్తేస్తే, ఏమీ అడగనివాళ్లు తలుపు తీశారు.

డాలస్ నుంచి న్యూయార్క్ వైపు వెళ్లే కుటుంబానికి మరో చిక్కుంది. ఏడాది ఎదుగుదల చూపించాలంటే నిరుటి పరీక్ష ఉండాలి. టెక్సస్ పెట్టమనలేదు కాబట్టి చాలామంది దగ్గర ఉండదు. అడగకపోయినా ఏటా ఒక పరీక్ష రాయించి, ఆ ఫలితాన్ని ఫైల్లో పెట్టుకున్నవాళ్లకు మొదటి ఏడాది గండం తప్పుతుంది.

హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగొచ్చేవాళ్లకు ఈ రెండు నమూనాలూ పనికిరావు. 2009 విద్యాహక్కు చట్టం ఇంటి చదువును పేరెత్తి ఒప్పుకోదు, పేరెత్తి కాదనదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్చే బాధ్యత తల్లిదండ్రులదని 10వ సెక్షన్ అంటుంది, చేర్చకపోతే శిక్ష ఏమిటో చెప్పదు. టెక్సస్‌లోనూ 1981 నుంచి 1994 దాకా ఇలాంటి అయోమయమే నడిచింది, అక్కడ కోర్టు తేల్చింది. ఇక్కడ ఇంటి చదువు కుటుంబాలు ఆ ప్రశ్నను కదపకుండా పిల్లకు పద్నాలుగేళ్లు నిండేదాకా ఆగి, ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి ఫీజు కడుతున్నాయి.