ఉప్పుగాలిలో పాత పాట

మైపాడు దాటి సముద్రం వెంబడి పోతే పట్టపుపాళేలు, అంటే జాలర్ల పల్లెలు, వస్తాయి. గంగమ్మ తిరణాళ్ళకి అక్కడ ఆర్కెస్ట్రా పెడితే, పాటకంటే ముందు సుత్తి మోత వినపడుతుంది. సముద్రపు తేమకి తబలా తోలు సడలి శ్రుతి దిగిపోతుంది మరి. తబలా ఆయన తోలు పట్టీల కింద ఇరికించిన కొయ్య ముక్కల్ని ఒక్కొక్కటే తడుతూ, చెవి వంచి వింటూ, మళ్ళీ తడుతూ కూర్చుంటాడు. గిటారిస్టు తీగలు తుడుచుకుంటుంటాడు. ఉప్పుగాలికి ఉక్కు తీగ ఇట్టే తుప్పు పడుతుంది. ముందు వరసలో చేరిన పిల్లలకి ఇదే మొదటి ఐటం.

ఎన్ని కొత్త పాటలు పాడినా 1953 నాటి దేవదాసు పాట ఒక్కటైనా పడాల్సిందే. శరత్ బాబు బెంగాలీ కథ, సముద్రాల మాట, సుబ్బరామన్ బాణీ, ఘంటసాల గొంతు. ఎక్కడో వంగదేశంలో పుట్టిన దుఃఖానికి మన వలలు అల్లే చేతులు తాళం వేస్తాయి.

ఆర్కెస్ట్రా అంటే కాపీ కొట్టడమేగా అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఆ రోజుల్లో రికార్డింగులో వాద్యకారులంతా గాయకుడితో కలిసి ఒక్కసారే వాయించేవారు. అంతమంది వాయించినదాన్ని ఇక్కడ అయిదారుగురు మొయ్యాలి. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదగ్గరే పనితనం తెలుస్తుంది.

స్వరాన్ని ఊపే, జార్చే గమకం దగ్గర మరీ తెలుస్తుంది. కీబోర్డు మెట్టు నొక్కితే స్వరం అక్కడే నిలబడిపోతుంది, జారదు. అందుకని కుడిచేత్తో మెట్లు వాయిస్తూ, ఎడమచేత్తో పక్కనున్న చిన్న చక్రాన్ని కాస్త పైకి, కాస్త కిందికి కదుపుతారు. ఒక్క పిసరు ఎక్కువ తిరిగిందా, కీబోర్డులోని వీణ కాస్తా సైరన్ అయి కూర్చుంటుంది. గిటారుకి ఆ బాధ లేదు, తీగని పక్కకి లాగితే చాలు. రాక్ వాళ్ళ వాద్యమే మన పాత పాటకి దగ్గరి చుట్టమని నాకు చాలాసార్లు అనిపించింది. డ్రమ్ముల సంగతి వేరు. విషాదగీతం కింద మొదట్నుంచి చివరిదాకా దరువు నడిపిస్తే, పాదానికీ పాదానికీ మధ్య ఘంటసాల వదిలిన ఖాళీ పూడిపోతుంది. ఆ ఖాళీ కూడా పాటే.

వేదిక మీద పాట పలికించే ఈ విద్యలో మా నెల్లూరికి పెద్ద దిక్కుగా నిలిచింది ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. తండ్రి సాంబమూర్తి హరికథకులు. 1966లో సినిమాల్లోకి అడుగుపెట్టిన బాలు, ఆ తొలిరోజుల్లో మద్రాసులో లైట్ మ్యూజిక్ ట్రూపు కూడా నడిపారు. ఇళయరాజా, ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్ అందులో వాయించినవాళ్ళే. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో పోటీకొచ్చిన పిల్లలు పాడాక, బాలు ఆ పాట రాసినవారినీ కట్టినవారినీ వాయించినవారినీ తలుచుకునేవారు. వేదిక కష్టం తెలిసిన మనిషి కదా.

కిందటిసారి తిరణాళ్ళలో గాయకుడికి పైస్థాయి అందక శ్రుతి తగ్గించారు. కీబోర్డు ఆయనకి ఒక మీట నొక్కితే సరిపోయింది. ఫ్లూటు కుర్రాడు సంచిలో ఇంకో వేణువు వెతుక్కునేలోపు చరణం వచ్చేసింది. ఇసకలో తువ్వాలు పరుచుకుని పడుకున్న పెద్దాయన ఠక్కున లేచి కూర్చున్నాడు.

“ఏందబ్బయా, చరణానికి ముందు ఫ్లూటు మింగేసినారే!”

జనం నవ్వారు. గాయకుడు దణ్ణం పెట్టి పల్లవి మళ్ళీ ఎత్తుకున్నాడు.