కెమెరా కళ్లు మూసుకున్నప్పుడు

రాత్రిపూట ఫొటోలు తీసేవాడికి తెల్ల లైటంటే పడదు. చీకటికి కళ్లు బాగా అలవాటు పడాలంటే అరగంట దాకా పడుతుంది. ఒక్క టార్చి వెలుగు చాలు, అదంతా నీళ్లపాలు. అందుకే నుదుటికి కట్టుకునే లైటులో ఎర్ర బల్బే వాడతాం. ఇంతా తెలిసి, ఒక వైశాఖ అమావాస్య రాత్రి గండికోటలో సరిగ్గా ఆ తప్పే చేశాను.

జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు. ఎర్రమల కొండల్ని పెన్న నిలువునా కోసుకుపోయిన చోటు. గండి అంచున బండలు, వాటిపైన పాలపుంత: నాకు కావలసిన బొమ్మ అది. చుక్కలకు పాతిక సెకన్లు చాలు. 14 మిల్లీమీటర్ల లెన్సుతో అంతకంటే బాగా ఎక్కువసేపు షట్టర్ తెరిచి ఉంచితే, భూమి తిరగడం వల్ల చుక్కలు గీతలైపోతాయి. కానీ వెన్నెల లేని రాత్రి ఆ కాస్త సేపట్లో బండలు బొగ్గుముద్దల్లా పడతాయి. వాటి కోసం విడిగా ఎనిమిది నిమిషాల ఎక్స్‌పోజర్ పెట్టాను.

ఒంటిగంట దాటినా కూర్చున్న బండ గోరువెచ్చగానే ఉంది. అలాంటి రాత్రి కెమెరా సెన్సర్ వేడెక్కి, బొమ్మ నిండా లేని ఎర్ర చుక్కలు, నీలి చుక్కలు పుట్టిస్తుంది, పప్పులో రాళ్లలాగా. వాటిని ఏరడానికి కెమెరాలోనే ఒక ఏర్పాటుంది. ఫొటో అయిపోగానే షట్టర్ మూసుకుని, అంతే సేపు ఉత్త చీకటిని మళ్లీ ఫొటో తీస్తుంది. అందులో కనబడ్డ మచ్చల్ని మొదటి బొమ్మలోంచి తీసేస్తుంది. అంటే ఇంకో ఎనిమిది నిమిషాలు అది మన మాట వినదు. చాలామంది ఈ ఏర్పాటును ఆపేసుకుంటారు. ఎండాకాలంలో నాకు ధైర్యం చాలదు.

ఆ ఖాళీలో నీళ్ల సీసా కోసం సంచీ తడుముతూ నుదుటి లైటు నొక్కాను. రెండుసార్లు నొక్కినట్టున్నాను, తెల్ల బల్బు భగ్గుమంది. తిట్టుకుంటూ తల తిప్పాను.

వెనక బీడులో పచ్చని చుక్కలు. పది కాదు, ఇరవై కాదు, వందలు. జతలు జతలుగా, నేలకు జానెడెత్తున కొన్ని, మూరెడెత్తున కొన్ని. కొన్ని ఆరి మళ్లీ వెలుగుతున్నాయి. ఒక మూల నుంచి గుంపు గుంపంతా నెమ్మదిగా పైకి లేచింది. అవేమిటో తెలియడానికి ముందు గడిచిన ఆ రెండు మూడు క్షణాలు ఎంత బాగున్నాయో! భయం కూడా వేసిందనుకోండి.

"ఎవురది? లైటు ఆర్పు నాయనా, జీవాలు బెదురుతాయి!"

గొర్రెల మంద. ఎరువు కోసం ఎవరో రైతు తన చేలో మంద పెట్టించుకున్నాడు. లైటు ఆర్పి, క్షమించమంటూ దగ్గరికి వెళ్లాను. కంబళి మీద పెద్దాయన లేచి కూర్చున్నాడు. "కండ్లు భలే మెరిసినాయి పెద్దాయనా, ఫొటో తీసుకోలేకపోయినా" అన్నాను. కెమెరా ఎక్కడుందని అడిగాడు. అల్లంత దూరంలో మూడుకాళ్ల స్టాండు మీద ఉందని చూపించాను.

"ఆడుంటే దానికెట్ల కనపడతాయి?" అన్నాడు. తన బ్యాటరీ లైటు చెవి పక్కన పెట్టి, ఒక్క తూరి మంద మీద తిప్పాడు. "ఇట్ల పెట్టుకుంటేనే కనపడేది. నక్కొచ్చినా మేం అట్లనే కనిపెడతాం."

ఆయనకు నాలుగడుగుల పక్కన నిలబడ్డాను. నాకు బూడిదరంగు వీపులు తప్ప ఏమీ కనపడలేదు. గొర్రె కంటి వెనక అద్దం లాంటి పొర ఒకటుంటుంది. అది వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. పక్కనున్నవాడికి అందులో వాటా లేదు. అంటే కెమెరా ఖాళీగా ఉన్నా, ఉన్నచోటే ఉంటే దానికి ఆ చుక్కలు దొరికేవి కావన్నమాట.

నా మొహం చూసి పెద్దాయన నవ్వాడు. లేచి వచ్చి, ఈసారి లైటు నా చెవి పక్కన పెట్టాడు. సగం చుక్కలే వెలిగాయి. తక్కినవి అప్పటికే నిద్రలో పడ్డాయి.