తోటరాముడు కాని తోటమాలి

తోటమాలి, రాకుమారి అనగానే మనకు 1951 నాటి పాతాళభైరవి సినిమా, అందులోని తోటరాముడు గుర్తొస్తారు. బ్రిటన్ రాకుమారి మార్గరెట్, రాడీ లెవెలిన్‌ల కథనూ అలాగే చెప్పుకుంటాం: పేదింటి కుర్రాడు, అందని రాకుమారి. కానీ లెవెలిన్ పేదవాడూ కాదు, 1973లో ఆమెను కలిసేనాటికి తోటమాలీ కాదు. ఆయన తాత బొగ్గు గనుల యజమాని. తండ్రి 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు పోటీల్లో స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నాడు. ఇంటి బిరుదు 2009లో ఈయనకే వచ్చింది. లోకానికి మింగుడుపడనిది ఆమెకు పెళ్లయి ఉండటం, ఆయన పదిహేడేళ్లు చిన్నవాడు కావటం. 1976లో మస్టీక్ దీవిలో ఇద్దరూ కలిసి ఉన్న ఫొటో పత్రికకెక్కింది. కొద్ది వారాలకే భర్త లార్డ్ స్నోడన్‌తో ఆమె విడిపోతున్నట్టు ప్రకటన వెలువడింది, 1978లో విడాకులయ్యాయి. ఇందులో అంతరాలు దాటిన ప్రేమ ఎక్కడుంది? తోటరాముడి కథలోనూ కూతురినివ్వడానికి రాజుగారు అడిగింది సంపదే. మొక్కలు ఎలా పెంచుతావని ఆయన అడగలేదు. రెండు చోట్లా తోటపని హోదాకు గుర్తుగానే మిగిలింది, పనిగా ఎవరికీ పట్టలేదు.

పట్టించుకోదగింది ఆ పనే అని నా వాదన. లెవెలిన్ సర్రేలోని మెరిస్ట్ వుడ్ కళాశాలలో ఉద్యాన విద్య నేర్చుకున్నాడు. ఊళ్లలోని చిన్న పెరళ్ల మీద పుస్తకాలు రాశాడు, ఏళ్ల తరబడి పత్రికల్లో తోటల శీర్షిక నడిపాడు. ప్రేమ సాగింది ఎనిమిదేళ్లు. 1981లో ఆయన మరొకరిని పెళ్లాడాడు. తోటపని మాత్రం దశాబ్దాలు సాగింది. రాకుమారి పేరు లేకపోతే ఆ శీర్షిక దక్కేదా అని అడగొచ్చు. బహుశా దక్కేది కాదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే వదంతుల కోసం పత్రిక కొన్న పాఠకుడు గులాబీ కొమ్మల కత్తిరింపు గురించి ఎన్ని వారాలు చదువుతాడు? శారీరక వైకల్యం ఉన్నవాళ్లు తోట ఎలా పెంచుకోవాలో చెప్పే పుస్తకం కూడా ఆయన రాశాడు. అలాంటి పుస్తకాన్ని రాజప్రాసాదపు కబుర్ల కోసం ఎవరూ కొనరు. ఇంకో ఆక్షేపణ దీనికంటే గట్టిది: గడ్డపార పట్టిన కూలీకి పేరుండదు, తోట నమూనా గీసిన పెద్దింటి బిడ్డకే ఉంటుంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బ్రిటన్ తోటల చరిత్రంతటా ఈ అన్యాయం ఉంది, లెవెలిన్ దాన్ని మార్చిందీ లేదు. అయినా ఆయన పేరు ఇవాళ మొదట గుర్తుచేసేది ఆ దీవి ఫొటోనే, ఆయన పెంచిన మొక్కల్ని కాదు. కూలీ పనిని మరిచే లోకం దొరబిడ్డ పనినీ మరిచిందన్నమాట.